కోపం లేనప్పుడే చేసుకోవాల్సిన పని

చిక్కబళ్లాపుర జిల్లా బాగేపల్లి తాలూకాలో మిట్టేమరి హోబళి వాన మీద బతికే మెట్ట సీమ. శెనక్కాయ, రాగి, బోరున్నచోట టమాటా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇలాంటి ఊళ్లలో మనుషులు విడిపోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. గట్టు జానెడు ఇటు జరిగిందనో, బోరు నీళ్ల వంతు తప్పిందనో, పక్కవాళ్ల మేక చేలో పడిందనో, నలుగురిలో అప్పు సంగతి ఎత్తారనో మాట పుడుతుంది. నోరు జారడానికి పట్టేది రెండు మూడు సెకన్లు. ఆ తరవాత ఒకే గట్టుకు అటూ ఇటూ సేద్యం చేసే అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోరు, పెళ్లి పిలుపులు ఆగిపోతాయి, వాయిదా వాయిదాకీ బస్సు చార్జీలు పెట్టుకుని కోర్టుకు తిరుగుతారు. కోపం తగ్గించుకోమని ప్రతి ఇంట్లోనూ పెద్దలు చెబుతూనే ఉంటారు. చెప్పినవాళ్లకూ తగ్గదు, విన్నవాళ్లకూ తగ్గదు. ఎందుకు తగ్గదన్న ప్రశ్నకు గత నలభై ఏళ్లలో మనస్తత్వ శాస్త్రం, మెదడు శాస్త్రం కొన్ని గట్టి జవాబులు సంపాదించాయి. మనం అలవాటుగా ఇచ్చే సలహాల్లో కొన్నింటికి అవి పూర్తిగా ఎదురు తిరుగుతాయి.

ఆవేశాన్ని మనం మనిషి గుణంగా చూస్తాం. ఒకరు కోపిష్టి, ఇంకొకరు నెమ్మదస్తుడు అని చిన్నప్పుడే ముద్ర వేసేస్తాం. మాట తూలినవాడికి నిగ్రహం లేదంటాం. ఈ చూపులో ఒక పొరపాటుంది. పరీక్షంతా ఆ క్షణంలోనే జరుగుతుందని, ఆ క్షణంలో మనసు గట్టిగా ఉన్నవాడు నెగ్గుతాడని, లేనివాడు ఓడిపోతాడని అనుకుంటున్నాం. ప్రయోగాలు చూపిస్తున్నది వేరు. ఆవేశం వచ్చిన క్షణంలో ఎవరైనా సరే చేయగలిగింది చాలా తక్కువ. చేయదగ్గదంతా అంతకు ముందే, మనసు తేటగా ఉన్నప్పుడే చేసి పెట్టుకోవాలి. చెరువు కట్టకు వరదలో నిలబడి గండి పూడ్చలేం, ఎండాకాలంలోనే మట్టి పోసుకోవాలి. ఈ మాట నిజమైతే ఆవేశాన్ని అదుపులో పెట్టుకోవడం గుణం కాదు, నేర్చుకునే పని. నేర్చుకునే పని అయితే దాన్ని బడిలో నేర్పవచ్చు, ఇంట్లో సాధన చేయవచ్చు, ఊరంతా కలిసి దానికి తగ్గ ఏర్పాట్లు చేసుకోవచ్చు.

ముందు ఆ క్షణంలో లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ 1980లలో ఎలుకల మీద కొన్ని ప్రయోగాలు చేశాడు. ఒక శబ్దం వినిపించి, వెంటనే పాదాలకు చిన్న కరెంటు షాకు ఇస్తే, కొన్నిసార్ల తరవాత ఎలుక ఆ శబ్దం వింటేనే బిగుసుకుపోతుంది. శబ్దాన్ని విడమరిచి గుర్తుపట్టే మెదడు పైపొర దెబ్బతిన్నా ఆ భయం నేర్చుకోవడం ఆగలేదు. అంటే చెవిన పడ్డది పైపొరకు చేరకుండానే, ఇంకో దగ్గరి దారిలో, బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగానికి చేరుతోంది. పొడవు దారి ఆలోచనను తెస్తుంది, దగ్గరి దారి ఒంటిని సిద్ధం చేస్తుంది. ముందు చేరేది దగ్గరి దారే. అమిగ్డలాను భయానికో కోపానికో ఏకైక కేంద్రంగా రాసేవాళ్లు ఎక్కువయ్యాక, అలా అనడం సరికాదని, భయమనే అనుభవంలో మెదడులోని ఎన్నో భాగాలు కలిసి పనిచేస్తాయని లెడూయే తరవాత హెచ్చరించాడు. ఆ హెచ్చరికను మనమూ పాటిద్దాం. మనకు కావలసింది ఒక్కటే: ఆలోచన వచ్చేలోపే ఒళ్లు కదలడానికి సిద్ధమైపోతుంది. కాబట్టి కోపం రావడమే తప్పని ఎవరినీ నిందించలేం. రాకుండా చేయడం ఎవరి చేతిలోనూ లేదు.

వచ్చినది వెంటనే పోకపోవడం రెండో సంగతి. ఎడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి దిగగానే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, చెవులు వేడెక్కుతాయి. దాని వెనకే వచ్చే కార్టిసాల్ అనే మరో హార్మోను ఇరవై ముప్పై నిమిషాలకు గాని గరిష్ఠ స్థాయికి చేరదు. మాట అనిపించుకున్నది ఒక్క నిమిషమే అయినా ఒళ్లు అరగంట దాకా ఆ తగాదాలోనే ఉంటుంది. దంపతుల గొడవలను ఏళ్ల తరబడి కొలిచిన జాన్ గాట్‌మన్ ఒకసారి ఏం చేశాడంటే, వాదులాడుకుంటున్న భార్యాభర్తలను పదిహేను నిమిషాల తరవాత ఆపి, యంత్రాలు సరిచేసుకోవాలి, ఓ అరగంట పత్రికలు చదువుకోండి, ఆ విషయం మాత్రం మాట్లాడుకోవద్దు అని చెప్పాడు. అరగంట తరవాత అదే మనుషులు అదే సమస్య మళ్లీ ఎత్తుకున్నారు. గుండె వేగం బాగా తగ్గింది, మాట తీరు మారింది. ఎవరూ వాళ్లకు ఏ సలహా ఇవ్వలేదు. మధ్యలో అరగంట గడిచింది, అంతే. మన ఊళ్లలో గొడవ పడ్డ ఇద్దరినీ అప్పటికప్పుడే రచ్చకట్ట దగ్గర ఎదురెదురుగా నిలబెట్టి తేల్చేయాలని చూస్తాం. పెద్దమనుషుల ఉద్దేశం మంచిదే, ఎంచుకున్న సమయం తప్పు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. కోపం కడుపులో పెట్టుకుంటే రోగమవుతుంది, అరిచేస్తే పోతుంది కదా? ఈ నమ్మకం మన దగ్గరే కాదు, ప్రపంచమంతటా ఉంది. అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించాడు. వాళ్లు రాసిన వ్యాసాన్ని పక్క గదిలో ఉన్నట్టు చెప్పిన మరో విద్యార్థి ఘోరంగా ఉందని తిట్టినట్టు నమ్మించి కోపం తెప్పించారు. తరవాత కొందరిని ఆ తిట్టినవాణ్ణే తలుచుకుంటూ బాక్సింగ్ సంచీని గుద్దమన్నారు. ఇంకొందరిని ఒంటికి వ్యాయామమని తలుచుకుంటూ గుద్దమన్నారు. మూడో జట్టును రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. ఆ తరవాత తిట్టినవాడి చెవిలో కర్ణకఠోరమైన మోత వినిపించే అవకాశం అందరికీ ఇచ్చారు. తిట్టినవాణ్ణి తలుచుకుంటూ గుద్దినవాళ్లకే కోపం అందరికన్నా ఎక్కువగా మిగిలింది, కసిగా మోత పెట్టిందీ వాళ్లే. ఊరికే కూర్చున్నవాళ్లు అందరికన్నా మెత్తగా ప్రవర్తించారు. కోపాన్ని కక్కేస్తే తీరదు, కక్కినకొద్దీ అది అలవాటవుతుంది. సోఫీ కియార్విక్‌తో కలిసి బుష్‌మన్ 2024లో 154 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను ఒకచోట చేర్చి చూసినప్పుడూ ఇదే తేలింది. ఒంటి వేడిని దించే పనులు, అంటే నెమ్మది శ్వాస, ధ్యానం, యోగా లాంటివి, కోపాన్ని తగ్గిస్తున్నాయి. పరుగు లాంటివి గుండెకు మంచివే గాని కోపానికి మందు కావు.

అయితే కడుపులో పెట్టుకోవడం మంచిదా అంటే అదీ కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ గ్రాస్ 1998లో ప్రచురించిన ప్రయోగంలో, చూడటానికే ఇబ్బంది కలిగించే శస్త్రచికిత్స దృశ్యాలను మూడు జట్లకు చూపించారు. ఒక జట్టును లోపల ఏమున్నా ముఖంలో కనపడనీయవద్దన్నారు. రెండో జట్టును భావాలకు దూరంగా ఉండి, అందులోని సాంకేతిక విషయాలను గమనిస్తున్నట్టు చూడమన్నారు. మూడో జట్టుకు ఏమీ చెప్పలేదు. ముఖం బిగబట్టినవాళ్లు బయటికి ప్రశాంతంగానే కనిపించారు గాని లోపల వాళ్ల నాడీమండలం మరింత ఉధృతంగా పనిచేసింది. చూసే తీరు మార్చుకున్నవాళ్లకు మాత్రం ఆ ఏవగింపే తగ్గింది. అణిచిపెట్టడానికి ఇంకో ఖర్చు కూడా ఉంది. ఇద్దరు ముఖాముఖి మాట్లాడుకునేటప్పుడు ఒకరు తమ భావాలను దాచుకుంటూ కూర్చుంటే, ఆ సంగతి తెలియని ఎదుటి మనిషికి కూడా రక్తపోటు పెరుగుతోందని 2003లో వచ్చిన మరో అధ్యయనం చూపించింది. పళ్లు బిగించి మౌనంగా తిరిగే మనిషి ఉన్న ఇంట్లో అందరికీ ఎందుకు ఊపిరాడనట్టుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అరవడమూ అణచడమూ కాక మూడో దారి ఒకటుంది. పది లెక్కపెట్టమనే పాత సలహాలో లోటు కూడా ఇక్కడే తెలుస్తుంది. లెక్కపెడుతూ ఎదుటివాడి మాటనే నెమరువేసుకుంటే ఆ పది అంకెలూ బాక్సింగ్ సంచీ మీద పది గుద్దులే. ఆగినంత మాత్రాన చాలదు, ఆగిన ఆ కాస్తలో మనసు ఏం చేస్తోందన్నదే అసలు సంగతి.

మనసుకు అప్పగించదగ్గ పనుల్లో అన్నిటికన్నా తేలికైనది, లోపల ఉన్నదానికి పేరు పెట్టడం. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో 30 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి కోపంతో, భయంతో ఉన్న ముఖాలు చూపించింది. ఆ ముఖంలోని భావానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు అమిగ్డలా ఉధృతి తగ్గి, నుదుటి వెనక మెదడులో కుడివైపు ఒక భాగం చురుకైంది. అదే ముఖానికి తగిన మనిషి పేరును ఎంచుకున్నప్పుడు అంత తగ్గుదల లేదు. సాలెపురుగంటే విపరీతంగా భయపడే 88 మందితో 2012లో చేసిన ఇంకో ప్రయోగం మరీ ఆసక్తికరమైనది. పెద్ద సాలెపురుగు ముందు నిలబడి తమ భయాన్ని ఉన్నదున్నట్టు పైకి చెప్పుకున్నవాళ్లకు వారం తరవాత అరచేతుల చెమట మిగతావాళ్లకన్నా తక్కువగా పట్టింది. అదేమీ చేయదులే అని తమకు తాము ధైర్యం చెప్పుకున్నవాళ్లకు అంత మేలు జరగలేదు. పేరు ఎంత కచ్చితంగా పెడితే అంత మంచిది. తమ భావాలను విడివిడిగా గుర్తించగలిగేవాళ్లు కోపం వచ్చినా ఎదుటివాళ్ల మీద పడటం తక్కువని కూడా పరిశోధనలున్నాయి. గట్టు దగ్గర ఊగిపోతున్న మనిషికి నిజంగా ఉన్నది కోపమేనా, తమ్ముడు లెక్కచేయలేదన్న చిన్నతనమా, నలుగురిలో పరువు పోతుందన్న భయమా, ఈ ఏడు పంట తేలలేదన్న దిగులా? చాలాసార్లు కోపం పైన కనపడే పొర మాత్రమే. కింద ఉన్నదాన్ని పట్టుకుంటే చేయాల్సిన పని కూడా మారిపోతుంది. పరువు పోతుందన్న భయానికి మందు అరుపు కాదు, ఆ నలుగురి నుంచి పక్కకు వచ్చి మాట్లాడుకోవడం.

ఈ సీమలో దీనికి తోడు భాష సంగతి ఒకటుంది. ఇస్తాంబుల్, బోస్టన్‌లలో పనిచేసిన పరిశోధకులు టర్కిష్ మాతృభాషగా ఉండి ఇంగ్లిషు తరవాత నేర్చుకున్నవాళ్లకు చిన్నప్పుడు పెద్దలు తిట్టే తరహా మాటలను రెండు భాషల్లోనూ వినిపించి, చర్మం మీద చెమట మార్పును కొలిచారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల్లో అమ్మభాషలోని తిట్టుకే ఒళ్లు ఎక్కువగా ఉలిక్కిపడింది. ఇదే జిల్లా చింతామణి తాలూకా కైవారంలో యోగి నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన నేల ఇది. ఇక్కడి పిల్లలు రెండు భాషల మధ్య పెరుగుతారు. బడిలో పంతులు కన్నడంలో మందలిస్తే పిల్లవాడు వింటాడు, ఇంట్లో నాన్న తెలుగులో అదే మాట అంటే వాడికి గుండెలో గుచ్చుకుంటుంది. దీన్నుంచి నేను తీసుకునేది రెండు విషయాలు. ఇంటి భాషలో పిల్లలను తిట్టేటప్పుడు మనం అనుకున్నదానికన్నా బరువైన దెబ్బ వేస్తున్నాం. భావాలను గుర్తించే పాఠం ఏదైనా బడిలో పెట్టదలిస్తే అది పాఠ్యపుస్తకపు కన్నడంలోనే ఉండిపోకూడదు. ఉక్రోషం, రోషం, అలక, విసుగు, కడుపుమంట అని వీళ్లు ఇంట్లో వాడే మాటల్లోనే జరగాలి.

రెండో పని, జరిగినదాన్ని ఇంకో వైపు నుంచి చూడటం. ఇది మంచిమాటలా వినిపిస్తుంది గాని మంచిమాటగా చెబితే ఎవరికీ ఎక్కదు. చేయించాలి. షికాగో నగరంలో పేద పేటల మగపిల్లలకు బడిలోనే వారానికొక గంట చొప్పున నడిపే ఒక కార్యక్రమంలో మొదటి పాఠం ఇలా ఉంటుంది. పిల్లలను జంటలుగా చేసి, ఒకరి చేతికి బంతి ఇస్తారు. రెండోవాడితో, నీకు ముప్పై సెకన్లు టైము, వాడి పిడికిట్లోంచి బంతి తీసుకో అంటారు. దాదాపు అందరూ వేళ్లు విరుస్తారు, మెలిపెడతారు, కిందపడి పెనుగులాడతారు. అయిపోయాక గురువు అడుగుతాడు: ఒక్కడైనా బంతి ఇవ్వరా అని అడిగారా? పిల్లలు తెల్లబోతారు. అడిగితే ఇచ్చేవాడివా అని బంతి పట్టుకున్నవాణ్ణి అడిగితే, ఇచ్చేవాణ్ణేమో, అదేమంత పెద్ద విషయం అంటాడు. లాక్కోమని ఎవరూ చెప్పలేదు, వాళ్లకు వాళ్లే అలా అనుకున్నారు. ఈ కార్యక్రమాన్ని లాటరీ పద్ధతిలో పిల్లలను ఎంపిక చేసి వేలమంది మీద పరీక్షించారు. అది నడిచినంత కాలం హింసాత్మక నేరాలకు అరెస్టు కావడం 45 నుంచి 50 శాతం దాకా తగ్గింది. పరిశోధకులు ఇంకో అడుగు వేసి, ఎదుటివాడు నీ డబ్బు లాక్కున్నాడని నమ్మించే ఆట ఒకటి పెట్టారు. పాఠాలు విన్న పిల్లలు తిరుగు నిర్ణయానికి దాదాపు 80 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు. వాళ్ల స్వభావాలు మారిపోయాయని ఎవరూ అనలేదు. ఎదుటివాడి పనికి తమకు మొదట తోచిన అర్థమే నిజం కాకపోవచ్చని ఒక్కసారి చూసుకోవడం అలవాటైంది. కార్యక్రమం ఆగాక అరెస్టుల మీద ఫలితం పల్చబడిందన్నది కూడా చెప్పాలి. సాధన ఆపితే చేయి తిరగడం పోతుంది, ఏ విద్యకైనా అంతే.

మూడోది ముందే నిర్ణయం రాసి పెట్టుకోవడం. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్‌జర్ దీని మీద చాలాకాలం పనిచేశాడు. కోపం తగ్గించుకుంటాను అన్న సంకల్పం గాలిలో ఉంటుంది. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అన్నప్పుడు దానికి చోటూ వేళా దొరుకుతాయి. 2006లో 94 పరీక్షలను కలిపి చూస్తే ఇలాంటి ముందస్తు నిర్ణయాల వల్ల అనుకున్నది నెరవేరడం చెప్పుకోదగ్గంతగా పెరిగింది. గట్టు మీద మాట పెరిగితే, "అన్నా, సర్వేయర్‌ని పిలిపించి కొలిపిద్దాం, రేప్పొద్దున మాట్లాడుకుందాం" అని చెప్పి ఇంటి దారి పడతాను. డెయిరీలో పాలకు ఫ్యాట్ తక్కువ చూపిస్తే చీటీ జేబులో పెట్టుకుని సాయంత్రం కార్యదర్శిని కలుస్తాను. ఫోన్లో ఒళ్లు మండే వాయిస్ మెసేజ్ వస్తే అన్నం తిన్నాకే జవాబిస్తాను. వాక్యం ఎంత చిన్నదైతే అంత మంచిది. ఆ క్షణంలో కొత్తగా ఆలోచించే సత్తా మనకు ఉండదు. ముందే నోటికి వచ్చిన మాటైతే అప్పటికి దొరుకుతుంది.

ఇదంతా మనోబలం ఉన్నవాళ్ల కథ అనే మాట వినిపిస్తుంది. మనోబలమన్నది వాడితే ఖర్చయిపోయే నిల్వ అన్న సిద్ధాంతం ఒకప్పుడు చాలా ప్రచారంలో ఉండేది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండువేల మందికి పైగా మనుషులతో మళ్లీ పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు కనపడనే లేదు. అందుకని అలసట లెక్కలోకి రాదని కాదు. ఒక రాత్రి నిద్ర లేకుండా ఉంచిన యువకులకు కలవరపెట్టే బొమ్మలు చూపిస్తే వాళ్ల అమిగ్డలా స్పందన, నిద్రపోయినవాళ్లకన్నా 60 శాతం ఎక్కువగా ఉందని 2007లో తేలింది. మోటారుకు కరెంటు రాత్రిపూట ఇచ్చే రోజుల్లో అర్ధరాత్రి లేచి పొలానికి నీళ్లు కట్టిన మనిషి, మర్నాడు పొద్దున ఇంట్లో విరుచుకుపడితే అది అతని గుణమా? కరెంటు వేళల ప్రభావం కూడా అందులో ఉంది. కల్లో సారాయో పడ్డ రోజు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ రాత్రి ఏ తగవూ తేల్చకూడదు.

అంతకన్నా బరువైన అభ్యంతరం పేదరికం వైపు నుంచి వస్తుంది. అప్పులో ఉన్నవాడికి శ్వాస పాఠాలు చెప్పడం ఏం న్యాయం? ఈ ప్రశ్నకు మనకు దగ్గరలోనే జవాబు దొరుకుతుంది. తమిళనాడులోని విళుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 54 ఊళ్లకు చెందిన 464 మంది చెరకు రైతులకు, కోతకు ముందొకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి అవే పరీక్షలు పెట్టారు. తోచిన మొదటి జవాబును ఆపుకుని సరైన జవాబు చెప్పాల్సిన పరీక్ష అందులో ఒకటి. 2013లో ప్రచురించిన ఫలితాల్లో, అదే రైతు కోతకు ముందు నెమ్మదిగా, ఎక్కువ తప్పులతో చేశాడు. కోత తరవాత మెరుగ్గా చేశాడు. మనిషి మారలేదు, చేతిలో డబ్బు మారింది. కాబట్టి ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. వాన లేని ఏడాది మిట్టేమరిలో గొడవలు పెరిగితే దాన్ని జనం గుణం కింద రాయడం అన్యాయం. అయితే పరిస్థితులు మారేదాకా నేర్చుకోవడం దండగ అనే ముగింపు దీన్నుంచి రాదు. లైబీరియా రాజధాని మన్రోవియాలో నేరాల్లో మునిగిన 999 మంది యువకులతో జరిగిన పరిశోధనలో కొందరికి ఎనిమిది వారాల మానసిక శిక్షణ, కొందరికి 200 డాలర్లు, కొందరికి రెండూ ఇచ్చారు. ఒక్క డబ్బు ఇస్తే ఫలితం నిలవలేదు. ఒక్క శిక్షణ ఇస్తే కొంతకాలానికి పల్చబడింది. రెండూ అందినవాళ్లలో పదేళ్ల తరవాత వెళ్లి చూసినా దొంగతనాలు, హింస సగానికి దగ్గరగా తగ్గి ఉన్నాయి. చేతికి ఆసరా, మనసుకు సాధన రెండూ జతగా ఉండాలి. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టే ఏ పథకమైనా సగం పథకమే.

ఇంకొకరు అడగవచ్చు: కోపమే లేకపోతే అన్యాయాన్ని ఎవరు ఎదిరిస్తారు? శాంతంగా ఉండమని ఎప్పుడూ చెప్పించుకునేది కూలివాళ్లూ, దళితులూ, ఆడవాళ్లే కదా? నిజమే, శాంతం పేరుతో నోళ్లు నొక్కిన చరిత్ర మనకుంది. కాని ఈ తాలూకా చరిత్రే దీనికి జవాబు కూడా చెబుతుంది. 1970ల చివరి నుంచి బాగేపల్లి తాలూకాలో కూలీలు ఊరూరా సంఘాలు కట్టుకుని కూలి రేట్ల కోసం, భూమి కోసం, పిల్లల చదువు కోసం నిలబడ్డారు. అక్కడ కోపం లేదని ఎవరంటారు? ఆ కోపం ఒక్క అరుపులో ఖర్చయిపోకుండా వారం వారం కూర్చుని మాట్లాడుకునే సమావేశమైంది. ఆవేశాన్ని అదుపులో పెట్టుకోవడమంటే అన్యాయాన్ని మరిచిపోవడం కాదు. ఎప్పుడు, ఎవరి ముందు, ఏ రూపంలో అడగాలో మనమే నిర్ణయించుకోవడం. ఆవేశపడ్డ కూలీని యజమాని తేలిగ్గా తప్పుపట్టగలడు. సిద్ధపడి వచ్చిన కూలీతో అది కుదరదు.

ఈ వాదానికి అన్నిటికన్నా బలమైన రుజువు అన్నిటికన్నా బాధాకరమైన చోట ఉంది. పల్లెల్లో ఆవేశం ఎదుటివాళ్ల మీదికి కాక తన మీదికే తిరిగే సందర్భాలుంటాయి. ఇంట్లో గొడవ, ఒక అవమానం, పరీక్ష తప్పడం, ఆ గడియలో పురుగుమందు చేతికి అందేంత దూరంలో ఉండటం. శ్రీలంక ప్రభుత్వం అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995లో లక్షకు 57గా ఉన్న ఆత్మహత్యల రేటు 2015కు 17కు పడిపోయింది. దిగుబడులు పడిపోలేదు. ఆ ఇరవై ఏళ్లలో సుమారు 93,000 ప్రాణాలు నిలిచాయని అంచనా. అక్కడి మనుషుల బాధలన్నీ తీరిపోలేదు, ఆ గడియ దాటడానికి అవకాశం దొరికింది. ఒకసారి ఆ గడియ దాటి బతికినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది తరవాత ఎప్పుడూ ఆత్మహత్యతో చనిపోలేదని దీర్ఘకాల అధ్యయనాలు చెబుతున్నాయి. దూరం నిజమైన దూరం కావాలన్నది కూడా శ్రీలంకే నేర్పింది. 180 ఊళ్లను తీసుకుని, సగం ఊళ్లలో ఇళ్లకు తాళం వేసే పెట్టెలిచ్చి చూస్తే తేడా రాలేదు, బహుశా తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి. తమిళనాడు కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతంలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం ఊరందరి మందులూ ఒకేచోట, ఒక కాపలాదారు చూపులో ఉండే ఉమ్మడి గది కట్టించి చూసింది. రైతులు దాన్ని వాడుకున్నారు, ఆ ప్రయోగం మంచి ఆశ కలిగించింది. క్షణికావేశానికి మందు ఆ క్షణంలో లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మిట్టేమరి లాంటి చోట దీన్ని మొదలుపెట్టడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. పిడికిలి పాఠానికి కావలసింది ఒక బంతి. గొడవ జరిగిన రోజు పంచాయితీ పెట్టకుండా మర్నాటికి వాయిదా వేయాలని ఊరి పెద్దలు ఒక్క తీర్మానం చేసుకుంటే చాలు. పురుగుమందుల ఉమ్మడి గది గురించి గ్రామ పంచాయతీ, సహకార సంఘం కలిసి మాట్లాడుకోవచ్చు. పిల్లల మీద చేయి లేచే తల్లిదండ్రులు, కోపం వచ్చినప్పుడల్లా ఇల్లు దద్దరిల్లే మనుషులు ఒంటరిగా తిప్పలు పడక్కర్లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ సమన్వయంతో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ ఫోన్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే కాదు, కోపం అదుపు తప్పుతోందనిపించినా చేయవచ్చు. పంచాయతీ సభ్యులకు, బడి పంతుళ్లకు, పాల సంఘం కార్యదర్శులకు ఒక్కటే మనవి: ఆ ఐదంకెలను బడి గోడ మీద, డెయిరీ గోడ మీద, పురుగుమందుల అంగడి ముందు, రెండు భాషల్లోనూ పెద్ద అక్షరాలతో రాయించండి.